వీసీడీలోంచి చెవిలోకి

మెమరీ కార్డులో పాటలు 'ఎక్కించుకునే' రోజుల్లో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ సెల్ షాపులకు రెండు రకాల గిరాకీ వచ్చేది. కొత్త సినిమా పాటలు అడిగేవాళ్లు కొందరు. "అన్నా, డైలాగులున్నయా?" అనేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లకు ఆడియో సీడీ ఉంటే చాలు. రెండోవాళ్లకు మాత్రం సినిమా డిస్కులోంచి శబ్దాన్ని విడదీసి ఇవ్వాల్సిందే. వీడియో డిస్కు నుంచి ఆడియో తీసే పని మన దగ్గర ఎందుకు పుట్టిందంటే, నన్నడిగితే ఈ రెండోవాళ్ల వల్లే అంటాను.

సినిమాను వినడం తెలుగువాళ్లకు పాత అలవాటు. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు'లో రావుగోపాలరావు పలికిన ముళ్లపూడి వెంకటరమణ మాటలు ఎల్పీ రికార్డుగా వచ్చాయి. 1977 సంక్రాంతికి విడుదలైన 'దానవీరశూర కర్ణ'లో కొండవీటి వెంకటకవి సంభాషణలు ఊరూరా మైకుల్లో మోగాయి. ఇక ఆకాశవాణి 'సంక్షిప్త శబ్దచిత్రం' పేరుతో సినిమా మొత్తాన్ని కుదించి వినిపించేది. తలుపు కిర్రుమనేది, గుర్రపు డెక్కలు వినపడేవి, ఎవరో వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఎవరు, ఎక్కడ, ఏ చీరలో అన్నది శ్రోత ఇష్టం.

కంపెనీ క్యాసెట్ వెయ్యని సీను కావాలంటే సొంత తంటాలే. టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి, ప్లే, రికార్డు బటన్లు కలిపి నొక్కి, ఇంటిల్లిపాదినీ నోరెత్తొద్దనేవారు. కుక్కర్‌కు ఆ మాట వినపడదు కదా, దుర్యోధనుడి పద్యం మధ్యలో అదీ ఓ రాగం తీసేది.

వీసీడీ, అంటే వీడియో సీడీతో ఆ బాధ తప్పింది. ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కలిసి 1993లో 'వైట్ బుక్' పేరుతో దీని ప్రమాణాన్ని ఖాయం చేశాయి. ఒక డిస్కులో 74 నిమిషాల బొమ్మ పడుతుంది. అంటే మన సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు. అమెరికా, యూరప్ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, చౌక చైనా ప్లేయర్ల పుణ్యమా అని ఆసియాలో ఇంటింటికీ చేరింది. ప్లేయర్ వెనక మూడు వైర్లుంటాయి. పసుపు బొమ్మది, తెలుపూ ఎరుపూ శబ్దానివి. ఆ రెండూ టీవీ నుంచి పీకి టేప్ డెక్‌కు గుచ్చితే గదిలో గోల ఏదీ రికార్డులో పడదు. కాకపోతే గంట సినిమాకు గంటసేపు కాపలా కాయాలి. పైగా 90 నిమిషాల క్యాసెట్టును 45వ నిమిషంలో తిప్పాలి, మంచి సీను సరిగ్గా అప్పుడే వస్తుంది.

ఈ కాపలాను కంప్యూటర్ తప్పించింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట అంటే కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్ కంప్యూటర్ ఒక్క గదిలో ఉంటే ఆ అంతస్తు అంతటికీ అదే థియేటర్. డిస్కు పెట్టి తెరిస్తే 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డర్, అందులో 'ఏవీసెక్01.డాట్' అనే పెద్ద ఫైలు కనిపిస్తుంది. సినిమా అదే. సెకనుకు సుమారు 1150 కిలోబిట్ల బొమ్మ, 224 కిలోబిట్ల శబ్దం అందులో జడలా అల్లుకుని ఉంటాయి. చివర 'డాట్' తీసేసి 'ఎంపీజీ' అని పేరు మారిస్తే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని గుర్తుపట్టేవి. జపాన్ నుంచి వచ్చిన 'టీఎంపెగ్ఎన్‌క్'లో 'డీమల్టిప్లెక్స్' నొక్కితే ఆ జడ విడిపోయేది. మళ్లీ రికార్డు చెయ్యడం, కాపలా కాయడం ఏమీ లేవు. ఉన్న శబ్దం ఉన్నట్టే కొద్ది నిమిషాల్లో 'ఎంపీ2' ఫైలుగా బయటికొచ్చేది.

ఎంపీ2, ఎంపీ3 రెండూ ఎంపెగ్-1 అనే ఒకే ప్రమాణంలోని రెండో పొర, మూడో పొర. వీసీడీ రెండోదాన్ని తీసుకుంది. తక్కువ చోటులో ఇమిడే మూడోదానికి జర్మనీ ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు 1995 జులైలో '.ఎంపీ3' అని తోక తగిలించారు, జేబు ప్లేయర్లు దాన్నే పట్టుకున్నాయి. 1998లో వచ్చిన రియో ప్లేయర్ జ్ఞాపకశక్తి 32 ఎంబీ, అంటే అరగంట పాటలు. రెండున్నర గంటల సినిమా శబ్దం ఎంపీ2గా ఉంటే దాదాపు 252 ఎంబీ. దాన్ని ఉచితంగా దొరికే 'లేమ్'తో 64 కిలోబిట్ల మోనో ఎంపీ3గా మారిస్తే 72 ఎంబీ. పాటలు కాస్త నీరసపడతాయి గానీ మాటలకు ఢోకా లేదు. 128 ఎంబీ పెన్‌డ్రైవ్ ప్లేయర్లో సినిమా మొత్తం పట్టి, ఇంకా చోటు మిగిలేది.

అద్దెకు తెచ్చిన డిస్కుల నిండా గీతలు, వాటితోనే చిక్కు. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు 2048 బైట్లే సరుకు, మిగతా చోటులో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. వీసీడీలో సినిమా పట్టాలని అందులో 276 బైట్లను కూడా బొమ్మకే ఇచ్చేసి 2324 చేశారు. టీవీలో చూస్తే గీతల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ముందుకెళ్తుంది. కంప్యూటర్‌కు అంత ఉదారత లేదు. 97 శాతం కాపీ అయ్యాక 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని మొరాయిస్తుంది. టూత్‌పేస్ట్ రుద్దడం దగ్గర్నుంచి అన్ని వైద్యాలూ నడిచాయి.

డీవీడీది ఇంకో రకం తిరకాసు. దానికి తాళం ఉంది, ఆ తాళం 1999లోనే 'డీసీఎస్ఎస్' అనే ప్రోగ్రామ్‌తో ఊడింది. అసలు మోసం శబ్దంలో జరిగేది. 5.1 శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటాయి. తెలియక ఎడమ, కుడి ఛానళ్లే తీసుకుంటే వాన చప్పుడు, వయొలిన్లు బ్రహ్మాండంగా వస్తాయి, హీరో మాత్రం పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టుంటాడు. డైలాగుల కోసం ఇంత చేసి డైలాగులే పోవడం కన్నా ఘోరం ఏముంటుంది!

ఇలా తీసిన సరుకుకు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మంచి గిరాకీ ఉండేది. విజయవాడ వైపు రాత్రి బస్సులు ఎక్కేవాళ్లంతా అక్కడే నిలబడేవారు. వీడియో కోచ్‌లో ఏ సినిమా వెయ్యాలో డ్రైవర్ ఇష్టం, చెవిలో ఏది మోగాలో మన ఇష్టం. చట్టం సంగతంటారా, అద్దె డిస్కులోంచి తీసి డబ్బులకు ఎక్కించడాన్ని 'సొంత వాడకం' అని ఎవరూ సమర్థించలేరు. తాళాలు ఊడదీయడం మీద కాపీరైట్ చట్టంలో సెక్షన్ 65ఏ వచ్చింది 2012లోనే. 2007లో మోజర్ బేర్ అసలు వీసీడీని 28 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక కొని తీసుకోవడానికి డబ్బుల సాకు కూడా మిగల్లేదు. 2018 సెప్టెంబర్లో అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రో నడిచేనాటికి అందరి చేతుల్లో డేటా ఉంది, లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అరే మాయమవుతోంది.

ఇప్పటికీ ఈ విద్య అక్కరకొచ్చేది పెళ్లి వీసీడీలకు. అవి సినిమా డిస్కుల్లా అచ్చు వేసినవి కావు, రంగు పూత మీద రాసినవి, ఆ పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది. డిస్కులు చదివే యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి సంపాదించి ముందు డాట్ ఫైలు మొత్తం కాపీ చేసుకోండి. ఒక డ్రైవ్ చదవకపోతే మరోదాంట్లో పెట్టి చూడండి. శబ్దం విడదీశాక ఎంపీ3గా మార్చకుండా ఎంపీ2నే దాచండి. ఫోన్‌లో వీఎల్‌సీ దాన్ని అలాగే వినిపిస్తుంది.