ఐర్లండు దేశపు కాలిన రాళ్ల దిబ్బలు

ఐర్లండు దేశమున వాగుల యొడ్డునను, చిత్తడి నేలలందును గుఱ్ఱపు నాడా ఆకారముగల దిబ్బలు వేలకొలదిగ నున్నవి. పైని పచ్చిక మొలచియుండుటచే నవి సహజమైన మిట్టలవలెనే తోచును. నాగలి తగిలినపుడు నల్లని మన్నును, బొగ్గును, పగిలిన రాతిముక్కలును బయల్పడును. దిబ్బ వంపులోపల త్రవ్వినచో నేలలో దిగవేసిన తొట్టియు, దాని చెంత పొయ్యి గుర్తులును తఱచుగ కాన్పించును. ఆ దేశభాషలో వీనిని ఫులాఖ్త్ ఫియా యందురు. దక్కనులోని బళ్లారి, పాలమూరు సీమల బూడిద దిబ్బలతో వీనిని జతపఱచరాదు. అవి నవశిలాయుగమున పశువుల పేడ కాలగా నేర్పడినవి.

17వ శతాబ్దమున జెఫ్రీ కీటింగ్ అను చరిత్రకారుడు వీనిని గూర్చి వ్రాసెను. ఫిన్ అను వీరుని అనుచరులు వేటాడిన మాంసమును గడ్డితాళ్లతో చుట్టి, నీటిగుంటలో నుంచి, కాల్చిన రాళ్లను వేసి యుడికించెడివారనియు, ఆ మంటల మచ్చలనే రైతులు ఆ పేరున పిలుచుచుండిరనియు నాతని కథనము. కొందఱు దీనిని కట్టుకథయని త్రోసివైచిరి.

1952లో కార్క్ విశ్వవిద్యాలయ కళాశాల ఆచార్యుడు ఎం. జె. ఓ కెల్లీ బాలివూర్నీ యను చోట త్రవ్వకము జరిపి, అంతటితో నాగక, ఆ తొట్టిని తిరిగి నిర్మించి వంట చేయించెను. కొయ్యతొట్టిని మంటపై నెక్కింపరాదు గదా! కావున మంటనే రాతిలో నింపి నీటికడకు తేవలసి వచ్చినది. సుమారు 100 గాలనుల నీరు అరగంటకు కొంచెము పైబడి మరగెను. గడ్డిలో చుట్టిన 10 పౌనుల గొఱ్ఱెతొడను అందు వేసిరి. పౌనునకు 20 నిమిషములు, పైని మఱి 20, వెరసి 220 నిమిషములు. నడుమ నడుమ నొక్కొక్క వేడిరాయి వేయుచుండగా మరుగు తగ్గలేదు; మాంసము చక్కగా నుడికెను.

రాళ్ల యెన్నికయు తెలివితో కూడినదే. సున్నపురాయి కాలి నీట పడినచో సున్నమై నీటిని చెఱచును. ఇసుకరాయి పెక్కుసార్లు పనికివచ్చును. పగిలిన వానిని ప్రక్కకు విసరగా విసరగా దిబ్బ పెరిగినది. ఒక్క వంటకు పగులు రాతిని కొలిచి, దిబ్బ ఘనపరిమాణమును దానిచే భాగించినచో, అచ్చట నెన్నిసార్లు వంట జరిగెనో యుజ్జాయింపుగ తేలును. ఊరి లెక్కవంటిదే యిది.

అయితే కాలవిషయమున కథ నిలువలేదు. ఫిన్ కాలము క్రీ.శ. 3వ శతాబ్దమని ఐతిహ్యము. దిబ్బలలోని బొగ్గును కార్బన్ పద్ధతిచే పరీక్షింపగా పెక్కు దిబ్బలు కంచుయుగమునకు, క్రీ.పూ. 1500 ప్రాంతమునకు చెందినవని తేలినది. పనితీరును జ్ఞప్తియందుంచుకొన్న జనులు, చేసినవారిని మఱచి, తామెఱిగిన వీరుల పేరు దానికి తగిలించిరి.

మఱియొక చిక్కు గలదు. వంటశాలలైనచో ఎముక లేవి? ఆమ్లగుణముగల నేలలో నవి కరగునని సమాధానము చెప్పిరి. అట్టి నేల లేనిచోటులను సైత మెముకలు స్వల్పమే. ఓ కెల్లీ ప్రయోగము వంట సాధ్యమని నిరూపించెనే కాని, వంటయే జరిగెనని కాదు. 1987లో బార్‌ఫీల్డ్, హాడర్ అను వారు ఇవి ఆవిరిస్నానపు నెలవులు కావచ్చుననిరి. 2007లో గాల్వేలో క్విన్, మూర్ అను వారు ఇట్టి తొట్టిలోనే బార్లీ మద్యము కాచి చూపిరి. స్నానవాదము క్రొత్తదేమియు కాదు. ఆ వీరులు రెండు గుంటలు త్రవ్వి, ఒకదానిలో మాంసము నుడికించి, రెండవదానిలో స్నానము చేసెడివారని కీటింగ్ మున్నే వ్రాసియున్నాడు.