ఉత్తరాల్లో మిగిలిన వాటా

స్త్రీల ఉత్తరాలను సాధారణంగా 'వ్యక్తిగతం' అని పక్కన పెట్టేస్తాం. లీజె మైట్నర్ ఉత్తరాలను అలా పక్కన పెడితే భౌతికశాస్త్ర చరిత్రలో ఒక పేజీయే మాయమైపోతుంది.

1878లో వియన్నాలో పుట్టిన మైట్నర్ 1906లో డాక్టరేట్ తీసుకుని, మరుసటి ఏడు బెర్లిన్ చేరింది. అక్కడి రసాయనశాస్త్ర సంస్థలోకి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. దాంతో ఒట్టో హాన్‌తో కలిసి వడ్రంగి గదిలో ప్రయోగాలు మొదలుపెట్టింది. వాళ్ల స్నేహం మూడు దశాబ్దాలు దాటింది. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1938 జూలైలో ఆమె రహస్యంగా సరిహద్దు దాటాల్సి వచ్చింది. దారిలో అక్కరకొస్తుందని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం ఇచ్చి పంపాడు.

స్టాక్‌హోంలో సరైన పరికరాలు లేని ఆమెకు ఉత్తరాలే ప్రయోగశాల అయ్యాయి. యురేనియాన్ని న్యూట్రాన్లతో తాకిస్తే బేరియంలా ప్రవర్తించే పదార్థం వస్తోందనీ, దీనికి నువ్వేమైనా వివరణ చెప్పగలవా అనీ డిసెంబర్ 19న హాన్ రాశాడు. కేంద్రకం అంతగా పగలడం నమ్మశక్యంగా లేదు, కానీ అసాధ్యమనలేం అని ఆమె రెండు రోజుల్లో జవాబిచ్చింది. క్రిస్మస్ సెలవుల్లో అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్‌తో కలిసి లెక్క కట్టింది. కేంద్రకం రెండుగా చీలితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. అదే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగా వెలువడుతుంది. ఈ వివరణను వాళ్లిద్దరూ 1939 ఫిబ్రవరిలో 'నేచర్'లో ప్రచురించారు.

అంతకుముందే, జనవరిలో హాన్, స్ట్రాస్‌మన్‌లు ప్రచురించిన వ్యాసంలో ఆమె పేరు లేదు. దేశం విడిచిన యూదు స్త్రీ పేరు వేయడం నాజీల పాలనలో ప్రమాదమే. మరి ఆ పాలన కూలిపోయాక? 1944 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్‌ను 1945లో ప్రకటించినప్పుడు అది హాన్ ఒక్కడికే దక్కింది. దీన్ని రసాయనశాస్త్ర విజయంగానే హాన్ చెప్పుకొచ్చాడు. భయం పోయినా చెరిపివేత ఆగలేదు.

1945 జూన్‌లో ఆమె హాన్‌కు మరో ఉత్తరం రాసింది. మీరంతా నాజీ జర్మనీకి పనిచేశారు, కనీసం మౌన ప్రతిఘటన కూడా చేయలేదని నిలదీసింది. ఆ ఉత్తరం అతనికి చేరలేదు. 1933లోనే జర్మనీ వదలకపోవడం తన తప్పేనని తర్వాత ఒప్పుకుంది కూడా. స్నేహాన్ని తెంచుకోలేదు, స్నేహం కోసం నోరు మూసుకోనూ లేదు.

1997లో 109వ మూలకానికి మైట్నీరియం అని పేరు పెట్టారు. ఆమె 1968లోనే చనిపోయింది. ఉమ్మడి పనిలో స్త్రీ వాటా ఎంతని అడిగితే రుజువేదంటారు. ఇక్కడ రుజువు ఉత్తరాల్లోనే ఉంది. వాటిని శాస్త్ర పత్రాలుగా చదవాల్సిన పని మనది.