అద్దం కుట్టిన చేతులు

జైనూర్ ప్రాంతపు తండాల్లో పెద్ద వయసు లంబాడీ ఆడవాళ్ళ పేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు మెరుస్తుంటాయి. వాటిని చూడగానే "ఎక్కడినుంచో వచ్చినోళ్ళు" అంటారు. మా టోపీని చూసినా అదే మాట. గోండులు ఆ మాటంటే అర్థముంది, పోయింది వాళ్ళ భూమి. మిగతావాళ్ళకు ఆ హక్కు ఎవరిచ్చారు?

వచ్చిన మాట నిజమే. ఎట్లా వచ్చారన్నదే చరిత్ర. 17వ శతాబ్దంలో మొఘల్ ఫౌజులు దక్కన్ మీదికి దిగినప్పుడు ఎద్దుల మీద ధాన్యం మోసి వాటికి తిండి పెట్టింది బంజారాలే. ఫౌజుల సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఎద్దులు తోలినవాళ్ళ సంగతి లేదు. దాన్ని ఆడవాళ్ళు సూదితో బట్ట మీద రాసుకున్నారు. రైళ్ళొచ్చాక బిడారులు ఆగిపోయాయి. కుట్టు మిగిలింది.

ఇక అద్దం. ఫార్సీలో, ఉర్దూలో గాజును శీషా అంటారు. మనం రోజూ అనే సీసా అదే. గుజరాత్‌లోని కపడ్‌వంజ్‌లో గాజును పెద్ద బుడగలా ఊది, లోపల కళాయి పోసి, పగలగొట్టి ముక్కలు చేసేవారు. ఆ ముక్కలే అద్దాల కుట్టుకు పోయేవి. ఆ పని ముస్లిం శీష్‌గర్లది. కచ్‌లోని బన్నీలో గింజంత అద్దాలు కుట్టే ముత్వాలూ ముస్లింలే. ఇంత ఉండగా ఈ కుట్టును ఒక్క మతం ఖాతాలో ఎట్లా రాస్తారు?

దీనికి బడి లేదు. తల్లి పక్కన కూర్చుని బిడ్డ నేర్చుకుంటుంది. అద్దానికి రంధ్రం ఉండదు. బిళ్ళను బొటనవేలితో బట్ట మీద అదిమిపట్టి, దాని మీదుగా నిలువు రెండు, అడ్డం రెండు దారాలు వేయాలి. మళ్ళీ ఐమూలగా నాలుగు. తర్వాత సూదిని ఆ దారాల కిందుగా పోనిచ్చి, అంచున బట్టలో గుచ్చి, చుట్టూ కుడుతూ పోతే దారాలు పక్కకు జరిగి అద్దం ముఖం తేలుతుంది. మొదటి దారాలు వదులైతే అద్దం రాలిపోతుంది. చేయి కుదరాల్సింది అక్కడే.

ఈ తండాలున్న నేల మాత్రం గోండులది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను చంపింది నిజాం బలగాలు. తర్వాత అదే సర్కారు కొలువులో హైమెన్‌డార్ఫ్ జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉండి గోండుల కోసం పనిచేశాడు. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన ఆ హత్యను మేం దాచుకోం. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు, గోండులతో పేచీ ముదిరింది. 2024 సెప్టెంబర్‌లో వంతు మాది. ఒక ఆదివాసీ మహిళ మీద ఘోరమైన దాడి జరిగింది, నిందితుడు ముస్లిం. ఆ వెంటనే జైనూర్‌లో ముస్లింల దుకాణాలు కాలాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమెకు న్యాయం జరగాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు. కాని కాలిన దుకాణాలు ఆ రోజు ఏ నేరం చేశాయి?