మామిడి కాలం, హాప్స్ చేదు, తొరపల్లి రాజాజీ

1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో కల్లు దుకాణాలూ సారా దుకాణాలూ ఒక్కసారిగా మూతపడ్డాయి. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం అమలైన తొలి జిల్లా అదే. హోసూరు, కృష్ణగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. 1965లో అవి ధర్మపురి జిల్లాలోకి వెళ్ళాయి, 2004లో కృష్ణగిరి సొంతంగా జిల్లా అయింది. చట్టం తెచ్చిన మద్రాసు ప్రధాని రాజాజీ ఈ నేల బిడ్డే. 1878 డిసెంబరు 10న హోసూరు పక్కనున్న తొరపల్లిలో పుట్టారు. తండ్రి ఆ ఊరి మునసబు. కొడుకు బడి చదువు హోసూరులో, కాలేజీ చదువు బెంగళూరులో సాగాయి.

తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో వినబడే ఈ మొరసునాడు ఊళ్ళ నుంచి ఇప్పుడు వారాంతాల్లో కుర్రకారు కర్ణాటక సరిహద్దు అత్తిబెలె దాటుతున్నారు. హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో బెంగళూరు మైక్రోబ్రూవరీలు ఉన్నాయి. అక్కడ కాలాన్ని బట్టి మారే బీర్లు, హాప్స్ ఘాటున్న బీర్లు దొరుకుతాయి. వాటి రుచి గురించి రాయాలంటే ముందు తొరపల్లి గురించి రాయక తప్పదు.

రాజాజీది మొక్కుబడి నిషేధం కాదు. 1925లో తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమం పెట్టి, 1929 నుంచి మద్యం మాన్పించడానికే 'విమోచనం' అనే పత్రిక నడిపారు. కూలి డబ్బు ఇంటికి చేరకుండానే దుకాణంలో ఖర్చయిపోవడం చూసిన మనిషి ఆయన. నిషేధం 1938లో చిత్తూరు, కడప జిల్లాలకూ, 1939లో ఉత్తరార్కాటుకూ పాకింది. అబ్కారీ రాబడి పోయిన చోట ఖజానా నింపడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను తెచ్చారు. దేశంలో అలాంటి పన్ను అదే మొదటిది. ఇదే నిషేధం ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వాన్ని కూల్చింది. గీత కార్మికుల ఆందోళన ముదిరి, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ కార్మికుల నాయకుడు గౌతు లచ్చన్న పేరు తలవకుండా ఆ కథ చెప్పలేం.

రాజాజీ ఆవేదన నిజమైనదని నమ్ముతాను. అయితే ఆ చట్టం దుకాణాలతో పాటు మరొకదాన్నీ తుడిచిపెట్టింది. కల్లుకు కాలం ఉండేది. చలికాలంలో ఈత కల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు. పోతుతాటి కల్లుకూ పండుతాటి కల్లుకూ రుచి వేరు. తెల్లవారుజామున దించిన లొట్టిలో తీపి, పొద్దెక్కితే పులుపు, సాయంత్రానికి ఘాటు. ఏ చెట్టు, ఏ నెల, ఏ పూట అన్నది గీసేవాడికీ తెలుసు, తాగేవాడికీ తెలుసు. ఆ తెలివిడి ఏ పుస్తకంలోకీ ఎక్కకముందే చాలా ఊళ్ళలో పోయింది. తమిళనాట 1971లో నిషేధం ఎత్తేశారు, 1974లో మళ్ళీ పెట్టారు, 1981లో మళ్ళీ ఎత్తేశారు. 1983లో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ వచ్చింది, 2003 నుంచి చిల్లర అమ్మకమూ దాని చేతికే వెళ్ళింది. కల్లుకు మాత్రం 1987 నుంచి తలుపులు మూసే ఉన్నాయి. మిగిలింది ఏడాది పొడుగునా ఒకే రుచిగల సీసా బీరు. రాజాజీ కోరుకున్న మేలు జరగలేదు, పాత రుచీ దక్కలేదు.

ఇక చేదు సంగతి. హాప్స్ అనేది తీగ మొక్క. దాని ఆడపూల గుత్తుల్లో పసుపుపచ్చని లుపులిన్ పొడి ఉంటుంది. మరిగే బార్లీ గంజిలో వేస్తే చేదు దిగుతుంది, బీరును పుల్లగా మార్చి పాడుచేసే సూక్ష్మజీవులను అది అదుపులో పెడుతుంది. పొడవైన వేసవి పగళ్ళు లేనిదే సరిగా పెరిగి కాపు ఇవ్వదు కనుక హోసూరు చల్లదనం దానికి చాలదు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండుతుంది.

అయినా హాప్స్ చేదు ప్రపంచమంతా ఈ దేశం పేరుతోనే తిరుగుతోంది. ఇండియా పేల్ ఏల్, పొట్టిగా ఐపీఏ. దాని కథ కుంపిణీ రోజులది. 1792లో టిప్పు నుంచి కృష్ణగిరి చుట్టుపక్కల బారామహల్ కుంపిణీ చేతికి వచ్చాక అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో 1799 దాకా ఈ కొండల మధ్య శిస్తులు కట్టారు. రాయలసీమ ఆప్యాయంగా తలుచుకునే ఆ మన్రో రైత్వారీ పాఠాలు నేర్చింది ఇక్కడే. దాదాపు ఆ రోజుల్లోనే లండన్ బో బ్రూవరీలో హాడ్జ్‌సన్ కాచిన లేతరంగు బీరు ఈస్టిండియా ఓడలెక్కి వచ్చేది. నెలల తరబడి ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటడం. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలని బ్రూవర్లకు అప్పటికే తెలుసు. 1820లలో బర్టన్ ఊరి ఆల్‌సప్ పోటీకి దిగాడు. జిప్సం కలిసిన అక్కడి నీళ్ళు చేదును మరింత స్వచ్ఛంగా నిలబెట్టాయి. మిగతా బీర్లన్నీ దారిలో చెడిపోవడం వల్లే ఐపీఏ పుట్టిందనే కథను మాత్రం నమ్మనక్కర్లేదు. బ్రిటిష్ సైనికులకు నల్లటి పోర్టర్ బీరు కూడా అదే సముద్రం మీదుగా చక్కగానే చేరింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ చేదు మన దగ్గర మాయమైంది. 1915లో థామస్ లీష్మన్ దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి బెంగళూరు కేంద్రంగా యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. కాలక్రమంలో దేశమంతా చేదు తక్కువైన లేత లాగర్‌కు అలవాటు పడింది. చేదును బతికించింది అమెరికా. 1972లో కాస్కేడ్ అనే హాప్స్ రకం రైతులకు అందింది. ఆ దారిలో తర్వాత వచ్చిన సిట్రా, మొజాయిక్ రకాలు చేదుతో పాటు పండ్ల వాసన మోసుకొచ్చాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. సిట్రా వేసిన ఐపీఏ గ్లాసును కృష్ణగిరి మనిషి ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు అంటాడు. అందులో మామిడి లేదు. హాప్స్ నూనెలో ఉండే మిర్సీన్ అనే పదార్థం మామిడిలోనూ ఉంది. ఏటా మామిడి ప్రదర్శన జరిగే జిల్లా ఇది. గుజ్జు కర్మాగారాలకు బళ్ళకొద్దీ తోతాపురి, మన కోస్తా వాళ్ళ కలెక్టరు కాయ, వెళ్ళే జిల్లా. ఈ వాసనకు తీర్పరి కావలిస్తే ఇక్కడి తోటల వాళ్ళ కన్నా తగినవాళ్ళు లేరు.

మామిడి కాలంలో బెంగళూరులో నిజంగా పండు వేసిన గోధుమ బీరు కూడా పెడతారు. పొరపాటు అంచనాలు వద్దు. గుజ్జులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది కనుక తీపి మిగలదు, వాసనా సన్నటి పులుపూ మిగులుతాయి. రసంలా తియ్యగా ఉంటే పండు తర్వాత కలిపారని అనుమానించవచ్చు. నేను రుచి చూసినవాటిలో బాగున్నవి మొదటి గుక్కలో గోధుమ నురగ, చివర్లో మామిడి తొక్క వగరు ఇచ్చినవే.

ఈ రుచి అందరిదీ కాదు. ఒక గ్లాసు ఖరీదు పెట్టడం తోటలో కోతకు వెళ్ళే కూలికి తేలిక కాదు. ఒకప్పటి లొట్టి అతనికి అందేది. ఆ లెక్క సరిచూడకుండా కొత్త బీర్లను పొగడడం నాకు ఇష్టం లేదు. అందుకే గీతకారుల కల్లునూ ఇదే గౌరవంతో రుచి చూసే అవకాశం తమిళనాట రావాలని కోరుకుంటాను.

వెళ్ళేవాళ్ళు హోసూరు నుంచి బస్సులో వెళ్ళండి, బండి తీయొద్దు. చిన్న గ్లాసులతో మొదలుపెట్టండి. ముందు గోధుమ బీరు, తర్వాత మామిడి, చివరికి ఐపీఏ. చేదు ముందు తాగితే నాలుకకు మిగతావి అందవు. ఒకప్పుడు ఐపీఏ నెలల తరబడి పీపాల్లో పాకానికి వచ్చేది. నేటి ఐపీఏ దానికి పూర్తిగా వేరు. గాలి తగిలితే, వేడెక్కితే సిట్రా వాసన వారాల్లో ఆరిపోయి తడిసిన అట్టపెట్టె రుచి మిగులుతుంది. పేరు, ధర అడిగేముందు పీపా ఏ రోజు నింపారో అడగండి. నెల దాటిందంటే మరోటి తీసుకోండి.