గర్భిణులకు అనుబంధ పోషకాహారం (తెలుగు రాష్ట్రాలు)

చాలినంత తిండి అందని గర్భిణికి ఇంటి భోజనానికి తోడుగా కేలరీలు, మాంసకృత్తులు సమకూర్చే ఆహారాన్ని అనుబంధ పోషకాహారం అంటారు. తెలుగునాట ఇది ముఖ్యంగా అంగన్‌వాడీల ద్వారా అందుతోంది.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) దీనికి పునాది. 2009 నాటి సవరణ గర్భిణులకు, బాలింతలకు రోజుకు 600 కేలరీలు, 18–20 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని నిర్దేశించింది. 2013 ఆహార భద్రతా చట్టం ఆ తిండిని వాళ్ల హక్కుగా మార్చింది.

ఈ తిండి వల్ల ఒరిగేదేమిటో తెలిపే విలువైన ఆధారం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే దొరికింది. ఐసీడీఎస్ ఒక్కో ప్రాంతానికీ విస్తరిస్తున్న 1987–90 కాలంలో, పథకం అందిన 15 గ్రామాలను, ఇంకా అందని 14 గ్రామాలను పరిశోధకులు పోల్చి చూశారు. అందిన ఊళ్లలో గర్భిణులకూ పసిపిల్లలకూ మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. రెండు రకాల ఊళ్ల పిల్లలకూ 13–18 ఏళ్లు వచ్చాక 1,165 మందిని పరీక్షించారు. పథకం ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత తక్కువ, ధమనుల బిరుసుదనమూ తక్కువే. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తల్లి కడుపులో అందిన తిండి ఎంత మేలు చేసిందో, పుట్టాక తిన్నది ఎంత చేసిందో విడదీయడం ఈ అధ్యయనానికి సాధ్యం కాదు. అయినా పెట్టిన ముద్ద వృథా పోలేదని పదిహేనేళ్ల తర్వాత పిల్లల ఒళ్లే చెప్పింది.

అసలు చిక్కు పంపిణీలో ఉంది. ఇంటికిచ్చిన సరుకు ఇంటిల్లిపాదికీ సరిపెట్టాలి. కోడలి వంతు చివరికి వస్తుంది. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న భయం ఒకటి. అందుకే గర్భిణిని అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి వడ్డించడం ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైన ఇందిరమ్మ అమృతహస్తం ఆ పని చేసింది. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టి, ఐరన్ మాత్ర కూడా అక్కడే మింగించేవారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న అమృతహస్తం, 2020 సెప్టెంబరులో వైఎస్సార్ సంపూర్ణ పోషణ వచ్చాయి. 77 గిరిజన మండలాలకు 'సంపూర్ణ పోషణ ప్లస్' పేరిట అదనపు ఆహారం కేటాయించారు.

2020లో కరోనా కేంద్రాలను మూయించడంతో గుడ్లూ పాలూ పప్పూ మళ్లీ ఇళ్లకే చేరాయి.