కాంక్రీటు మీద చెక్క నేల: ఖతార్‌లో ముందుగా చూసుకోవలసినవి

మన ఊళ్ళలో ఇంట్లో తాండూరు బండలో, బేతంచర్ల నాపరాళ్ళో పరిచి, పండగొస్తే బకెట్లతో నీళ్ళు పోసి కడిగేస్తాం. చెక్క నేల సంగతి అలా కాదు. పైన పడ్డ నీళ్ళనే కాదు, కింద కాంక్రీటులోంచి వచ్చే తేమను కూడా పీల్చుకుని ఉబ్బుతుంది. ఖతార్‌లో 2004 చట్టంతో పెర్ల్ వంటి చోట్ల విదేశీయులు ఇల్లు కొనుక్కునే వీలు కలిగింది. సొంత ఫ్లాట్‌లో చెక్క నేల వేయించాలనుకునేవారు ఈ విషయాలు గమనించండి. అద్దె ఇల్లయితే ముందు యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

తేమ: "ఈ ఎండలకి ఎప్పుడో ఆరిపోయింది సార్" అంటే నమ్మకండి. ఎండకి పైపొర ఆరినా లోపల తడి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల స్క్రీడ్ ఆరడానికి, రోజుకో మిల్లీమీటరు లెక్కన, 50 రోజులు పడుతుంది. మందం అంతకు మించితే ఇంకా నెమ్మది. ప్లాస్టిక్ షీటు అంటించి చూడడం తొలి సూచన మాత్రమే. అమెరికన్ ప్రమాణం ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్ 2170 ప్రకారం శ్లాబు మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి, ప్రోబ్ పెట్టి కొలుస్తారు. టవర్లలో శ్లాబు లోపల బిగించిన ఉక్కు కేబుళ్ళు ఉండవచ్చు కనుక బిల్డింగ్ వారిని అడగకుండా డ్రిల్లింగ్ చేయించవద్దు. రంధ్రం అక్కరలేని బ్రిటిష్ పద్ధతిలో, నేల మీద బిగించిన పెట్టెలో హైగ్రోమీటరు 75 శాతం మించకూడదు. చెక్క, జిగురు తయారీదారు చెప్పిన హద్దు ఇంకా తక్కువైతే దాన్నే పాటించండి.

శుభ్రత: పాత టైల్ జిగురు, పెయింటు, పెళుసు పొర గీకించాలి. నాలుగు నీటిచుక్కలు వేసి చూడండి. ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే పైన ఏదో పూత ఉన్నట్లే, జిగురు పట్టదు. గ్రైండింగ్ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వాక్యూమ్ ఉన్న గ్రైండరు, సరైన మాస్కు ఉండేలా చూడండి. ఆ పనిచేసే కుర్రాడు మన కరీంనగర్ వాడే కావచ్చు.

మట్టం: 3 మీటర్ల పట్టీ పెట్టి చూస్తే సందు సుమారు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎత్తులు అరగదీసి, పల్లాల్లో ప్రైమరు వేసి లెవెలింగ్ కాంపౌండ్ పోయాలి. అది కూడా ఆరాలి సుమా!

తేమ అడ్డు: జిగురుతో అతికించేటట్లయితే ఎపాక్సీ పూత, అతికించకుండా పరిచేటట్లయితే పాలిథిన్ షీటు వాడతారు. షీటు అంచులు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచి, టేపు వేయాలి. నేలను ఆనుకున్న విల్లాల్లో ఇది మరీ ముఖ్యం.

చివరిగా ఏసీ. చెక్క వేయడానికి ముందునుంచే గది రోజూ ఉండే చల్లదనంలో ఉండాలి. వేశాక కూడా, వేసవి సెలవులకు ఇండియా వెళ్తూ ఏసీ పూర్తిగా ఆపేయకండి. ఆగస్టు ఉక్కకు పలకలు ఉబ్బి అంచులు లేస్తాయి. ఏసీ బిల్లు కంటే ఆ రిపేరు ఖర్చే ఎక్కువ!