బీడు కూడా మాదే

కాలు జాగ్రత్త. రాత్రి పడ్డ మంచుకి గట్టు మీది రాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ముందు నడుస్తున్నావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, కాలివేళ్ళు నేలకి ఆనించి చకచకా ఎక్కిపోతోంది. ఆవిడ అడుగు పెట్టిన రాయి మీదే మీరూ పెట్టండి.

పాడేరు నుంచి తారు రోడ్డు ఉన్నంతమేరా జీపులో వచ్చాం. అక్కణ్ణుంచి గెడ్డ దాటి నడక. నవంబరు నెల కాబట్టి వలిసెలు పూశాయి, వాలంతా పసుపు. సామలు కోసేశారు. చోళ్ళు మాత్రం కొన్ని మడుల్లో కంకి మీద నిలబడి ఉన్నాయి. ఫొటోల కోసం అరకు దాకా వచ్చేవాళ్ళకి ఈ పసుపు బాగా తెలుసు. మనం వచ్చిన పని ఆ పసుపు ఆగిపోయిన చోట మొదలవుతుంది. ఊరి పేరు అడక్కండి. అటవీ హక్కుల కొలతలు జరిగే రోజు ఈ ఏజెన్సీలో ఏ ఊళ్ళో అయినా దాదాపు ఇలాగే ఉంటుంది.

జీపీఎస్ పరికరం పట్టుకున్న కుర్రాడు సర్వేకి వచ్చాడు. అటవీ శాఖ బీటు ఆఫీసరు, రెవెన్యూ ఉద్యోగి చెరో పక్క నిలబడ్డారు. ఊరి అటవీ హక్కుల కమిటీ తరఫున ఇద్దరున్నారు. ఒకాయన బాగా ముసలివాడు, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. రెండోది డిగ్రీ చదివి ఇంటిపట్టునే ఉంటున్న అమ్మాయి, ఫైలు గుండెకి హత్తుకుని పట్టుకుంది. కమిటీలో మూడింట రెండొంతులు గిరిజనులుండాలి, కనీసం మూడో వంతు ఆడవాళ్ళుండాలి. దరఖాస్తు పెట్టుకున్నది మొగుడూ పెళ్ళాం. మనకి దారి చూపించింది ఆ పెళ్ళామే.

కుర్రాడు పరికరాన్ని ఆకాశం వైపు పట్టుకుని ఆగాడు. చెట్టు కింద ఉపగ్రహాలు సరిగా అందవు, అంకెలు నిలకడగా ఉండవు. రెండడుగులు పక్కకి జరిగాడు. అంకె నిలిచింది, మీట నొక్కాడు. ఒక మూల అయిపోయింది.

మొగుడు ముందుకి నడిచాడు. చేను అంచు పట్టుకుని గబగబా పోతున్నాడు, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతున్నాడు. రెండో మూల, మూడో మూల. వలిసె మొక్కలు అయిపోయిన చోట కిందికి తిరిగాడు. ఇంకో రెండు మీటలు నొక్కితే గీత మూసుకుంటుంది. తెరమీద వచ్చే అంకె ఎకరం పైచిలుకు ఉంటుంది. దానికి సంతకాలు పడితే జన్మకి అంతే.

ఆవిడ రాలేదు. వెనక్కి చూస్తే పైన తుప్పల మధ్య నిలబడి ఉంది.

"రావే, ఆళ్ళు ఎల్లిపోతారు," అని మొగుడు కేకేశాడు.

ఆవిడ కదల్లేదు. "ఈ ముక్క ఎవలు కొలుస్తారు?" అంది.

బీటు ఆఫీసరు మెడ ఎత్తి చూశాడు. "అది తుప్పలే కదమ్మా. పంటేదీ?"

"నాలుగేళ్ళ కిందట వరకూ పంటే బాబూ. నేల అలిసిపోతే ఒగ్గెయ్యాలి కదా. పైయేడు మళ్ళీ కొడతాం."

ఇక్కడ మనం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ కొండల్లో చాలా కుటుంబాల నేల ఈ ఒక్క మాట దగ్గరే పోయింది. పోడు ఏటా ఒకే చోట చేసే సేద్యం కాదు. చలి తగ్గాక తుప్పలు కొడతారు, ఎండబెడతారు, వేసవి చివర కాలుస్తారు, తొలకరికి చోళ్ళూ సామలూ కందులూ కలిపి చల్లుతారు. రెండు మూడేళ్ళు పండాక నేల నీరసిస్తుంది. దాన్ని వదిలి పక్క ముక్కకి జరుగుతారు. వదిలిన చోట తుప్ప లేస్తుంది, ఆకు రాలుతుంది, నేల కోలుకుంటుంది. కొన్నేళ్ళకి మళ్ళీ అక్కడికే వస్తారు. కొలతకి వచ్చిన రోజున పంట కనపడ్డ ముక్కే సాగు, మిగతాది అడవి అని రాసుకుంటే ఆ కుటుంబానికి చట్టం ఇవ్వదల్చుకున్నదాంట్లో కొంత భాగమే చేతికొస్తుంది. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నంత భూమికి, 4 హెక్టార్లు మించకుండా, అంటే దాదాపు పదెకరాల దాకా హక్కు ఇస్తుంది. బీడు పెట్టిన నేల కూడా పోడులో భాగమే. బీడు లేకపోతే పోడే లేదు. వ్యవసాయం తెలిసిన ఎవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, కానీ జీపీఎస్ పట్టుకున్న కుర్రాడికి ఎవరో ఒకరు చెప్పాలి. ఈ రోజు ఆవిడ చెప్తోంది.

మొగుడు పైకి రాలేదు. కిందనుంచే గొంతు తగ్గించి అన్నాడు: "ఊరుకోవే. ఇచ్చినంత తీసుకుందాం. కాదంటే ఇది కూడా పోద్ది."

అతని భయాన్ని తప్పు పట్టకండి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చిన దగ్గర్నుంచీ ఈ వాలు మీద గొడ్డలి పట్టినవాడు దోషిగానే లెక్క. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. దాని వెనక ఉన్న కోపంలో పెద్ద పాలు పోడు మీద ఆంక్షలదీ, రోడ్డు పనిలో వెట్టిదీ. వందేళ్ళకి, 2022లో, ఈ జిల్లాకి ఆయన పేరు పెట్టారు. పోడు కొట్టుకునే మనిషి గుండెలో భయం మాత్రం ఇంకా పోలేదు. పోవడానికి వీల్లేని రోజులు ఈ మధ్య కూడా వచ్చాయి. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణ అయినవాళ్ళని అడవిలోంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఉత్తర్వు ఇచ్చింది. అదే నెల 28న దాన్ని ఆపింది. ఆ మధ్య పదిహేను రోజులూ దేశంలో లక్షల కుటుంబాలు ఎలా నిద్రపోయి ఉంటాయో!

ఆవిడ తుప్పలు పక్కకి తోసింది. వంగి చూడండి. తుప్పల కింద రాతికట్టు ఉంది, మోకాలెత్తు. పెద్ద రాళ్ళు కింద, చిన్నవి పైన, సందుల్లో గులకరాళ్ళు కూరి ఉన్నాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. నాచు పట్టి నల్లబడింది. పై వాలు నుంచి కొట్టుకొచ్చిన మట్టి కట్టుకి ఆవల మెత్తగా పేరుకుంది, ఈవల నేల రెండు జానలు పల్లంగా ఉంది. ఈ కట్టే లేకపోతే ఆ మట్టంతా ఎప్పుడో గెడ్డలో కలిసేది. కొండ వాలు మీద ఇలాంటి కట్టు దానంతటది లేవదు. ఎవరో ఒక్కో రాయీ ఏరి, మోసి, కూర్చి పేర్చారు.

ముసలాయన కర్ర ఆనించుకుంటూ పైకొచ్చాడు. ఆయాసం తీరేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"ఇది దీని అత్త పేర్చింది," అన్నాడు. "రాళ్ళు నెత్తిన పెట్టుకుని మోసీది. నేను సూసినాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు."

అమ్మాయి ఫైలు తెరిచి తెల్లకాగితం తీసింది. "తాతా, ఇదే మాట మళ్ళీ చెప్పు. రాసుకుంటాను."

ఇదొక సాక్ష్యం. కాగితాలే అక్కర్లేదు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాట రాసుకుంటే అది చెల్లుతుందని నిబంధనల్లోనే ఉంది. నేల చదును చెయ్యడం, కట్టలు వెయ్యడం, బావులు, సమాధులు, దేవుడి స్థలాలు, ఇవన్నీ సాక్ష్యాలే. ఒకటికి మించి ఉంటే చాలు. తరతరాలుగా కాగితమే ఎరగని మనుషుల్ని కాగితం తెమ్మని అడగడం అన్యాయమని చట్టం రాసినవాళ్ళకి అర్థమైంది. నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే: ఒక ఆడమనిషి మోసిన రాళ్ళు ఇక్కడ దస్తావేజు.

"ఉపగ్రహం ఫొటోలో ఇక్కడ పచ్చగా కనిపిస్తోంది మరి," అన్నాడు కుర్రాడు ఫోను చూసుకుంటూ. నిజాయితీగానే అడిగాడు.

"బీడు పచ్చగానే కనిపిస్తది అన్నా," అంది అమ్మాయి. "ఫొటో మిగతా సాక్ష్యాలకి తోడుగా పెట్టుకోవాలి గానీ వాటి బదులు పెట్టకూడదు. 2012 సవరణలో ఉంది."

బీటు ఆఫీసరు కట్టు మీద కాలు పెట్టి నొక్కి చూశాడు. రాయి కదల్లేదు. ఆవిడ అప్పటికే పైకి నడుస్తోంది. కట్టు చివర పనస చెట్టు, దాని మొదట్లో మూడు నిలువు రాళ్ళు. అక్కడ అత్తని పెట్టారట. కుర్రాడు పనస నీడలోంచి బయటికి జరిగి, అంకె నిలిచేదాకా ఆగి, మీట నొక్కాడు. ఆ మూల నుంచి గీత మళ్ళీ మొదలైంది. ఈసారి ముందు నడిచింది ఆవిడే. మొగుడు కొంచెంసేపు కిందనే నిలబడి, తరవాత కత్తితో తుప్పలు కొట్టి దారి చేశాడు. గీత మూసేసరికి తెరమీది అంకె నాలుగెకరాలకి కాస్త తక్కువ.

మధ్యాహ్నం చింత చెట్టు కింద గ్రామసభ. ముందే వచ్చి కూర్చున్నవాళ్ళు చోడి అంబలి తాగుతున్నారు, మీకూ డొప్పలో పోసి ఇస్తారు, తీసుకోండి. అమ్మాయి లెక్కపెడుతోంది. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి, దరఖాస్తు పెట్టినవాళ్ళలో సగం మందైనా ఉండాలి. లెక్క చాలకపోతే తీర్మానం నిలవదు. నీళ్ళకి వెళ్ళినవాళ్ళ కోసం ఒక పిల్లాణ్ణి పరుగెత్తించారు. వాళ్ళు బిందెలతోనే వచ్చి కూర్చున్నారు.

దరఖాస్తు ఫారంలో మొదటి గడి దరఖాస్తుదారు పేరు, రెండోది భార్య లేదా భర్త పేరు. చాలా ఫారాల్లో ఈ రెండో గడి ఖాళీగా వదిలేస్తారు, లేదా ఒక పేరు రాసి ఊరుకుంటారు. అమ్మాయి వదల్లేదు.

"పిన్నీ, ఆధార్‌లో నీ పేరు ఒకలా ఉంది, రేషన్ కార్డులో ఒకలా ఉంది. ఏది రాయను?"

"నన్ను పిలిసీ పేరు రాయి."

"అలా కాదు, ఆధార్‌ది రాస్తాను. రేషన్ కార్డు నకలు కూడా పెడతాను."

ఈ గడి గురించి నేను కొంచెం గట్టిగానే చెప్పాలి. పెళ్ళయినవాళ్ళ పట్టా మొగుడు, పెళ్ళాం ఇద్దరి పేరునా ఉండాలని చట్టం సెక్షన్ 4(4) చెప్తుంది. ఒంటరి మనిషైతే ఆ ఒక్కరి పేరున. వారసులకి పోతుంది గానీ అమ్మడానికి, ఇంకొకరికి బదలాయించడానికి వీల్లేదు. మైదానంలో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద విషయంగా కనపడకపోవచ్చు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ గానీ, దేశమంతటికీ వర్తించే 2005 సవరణ గానీ మనం పొద్దున దాటిన గెడ్డకి ఇవతలకి రాలేదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. ఇక్కడ నడిచేది ఆచారం. ఆచారంలో చాలాచోట్ల నేల మగపిల్లలది. ఆడది కొట్టాలి, కాల్చాలి, చల్లాలి, కలుపు తియ్యాలి, కొయ్యాలి. మొగుడు పోతే మాత్రం మరిది దయ. అలాంటి చోట పట్టా మీద ఆవిడ పేరూ ఆవిడ ఫొటో ఉంటే మరిది నోటిమాటకి నేల చేతులు మారదు. పట్టాల లెక్కలు ప్రకటించేటప్పుడు ఎకరాలు చెప్తారు, కుటుంబాలు చెప్తారు. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు చెప్పిన 4 లక్షల ఎకరాల పైచిలుకు చిన్న అంకె కాదు. నేను మాత్రం ఎక్కడ పట్టా చూసినా ముందు రెండో పేరు వెతుకుతాను.

అమ్మాయి హద్దులు చదువుతోంది. ఈ పట్టాలో హద్దులు ఊరివాళ్ళకి కంటికి కనపడే గుర్తులతో రాస్తారు. "ఉత్తరాన పనస చెట్టు, మూడు రాళ్ళు. పడమర రాతికట్టు. దక్షిణాన నడక దారి. తూర్పున గెడ్డ."

"గెడ్డ కాదు," అంది ఆవిడ కూర్చున్నచోటి నుంచే. "గెడ్డకి ఇవతల మద్ది చెట్టు. గెడ్డ అందరిదీ."

సభలో తలలు ఊగాయి. ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు. అమ్మాయి కొట్టేసి, పక్కన మద్ది చెట్టు అని రాసి, పొడి సంతకం పెట్టింది. మొగుడు వేలిముద్ర వేశాడు. ఆవిడ అతని చేతిలోంచి ఇంకు డబ్బా తీసుకుని తన వేలూ అద్దింది. ఇక ఈ కాగితం సబ్ డివిజన్ కమిటీకి, అక్కణ్ణుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోవాలి. నెలలు పట్టొచ్చు. తిరస్కరిస్తే కారణం చెప్పాలి, అరవై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. తేలేదాకా వీళ్ళని ఆ నేల మీంచి ఎవరూ కదిలించకూడదు. మొగుడు ఈ ఆఖరి ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తరవాతి ఫైలు మొగుడు పోయినావిడది. సాగు చేసేది ఆవిడ, దరఖాస్తు మాత్రం మరిది పేరున ముందే వచ్చి ఉంది. పేరు పిలవగానే మరిది లేచి చొక్కా సర్దుకున్నాడు. "మా అన్న భూమి మేం అందరం కలిసే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు కూకో బాబూ," అన్నాడు ముసలాయన. "దున్నతన్నది అది. ముందు దాన్ని సెప్పనీ."